గేటు దగ్గర ఆగిన చేతులు

పరీక్షా కేంద్రంలో నా ఉద్యోగం పేరు ‘ప్రామాణిక హస్తం’. గుర్తింపు కార్డు మీద కూడా అదే రాసి ఉండేది. స్పర్శ తొడుగులు వచ్చిన నాలుగో ఏట, ఒక కంపెనీ వాళ్ళు పంపిన స్పర్శ ఇంకో కంపెనీ వాళ్ళకు తేడా లేకుండా అందుతోందో లేదో చూడడానికి నియంత్రణ సంస్థ గుణదలలో ఆ కేంద్రం పెట్టింది. యంత్రాల చేతులతో పరీక్షిస్తే కంపెనీలు గుర్తుపట్టి జాగ్రత్తపడుతున్నాయని, మనుషుల చేతులే కావాలన్నారు. ఎంపిక రోజున మా ముందు బియ్యం డబ్బా పెట్టి, పదిసార్లు గుప్పెడేసి తీసి తక్కెడలో పొయ్యమన్నారు. నా పది గుప్పెళ్ళకీ మధ్య తేడా రెండు గ్రాములు. నన్ను తీసుకున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఇంట్లో చూస్తున్నా ఆ చేతికి ఇంత విలువుందని తనకు తెలియలేదని మా ఆయన శశిభూషణ్ అందరికీ చెప్పుకుని నవ్వారు.

తొడుగు ఉల్లిపొర అంత పల్చగా ఉంటుంది. ఇక్కడ తొడుక్కున్న చేతిని నొక్కితే, ఎక్కడో అవతలి మనిషి అరచేతిలో అంతే బరువు, అంతే వెచ్చదనం పడతాయి. మొదట్లో దాన్ని వాడింది పశువుల సంతల్లో దళారులు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరం ఊళ్ళు దాటి చేయడానికి వాళ్ళకది పనికొచ్చింది. ఆ తర్వాత నాడి చూసే వైద్యులు, ఆ తర్వాత ప్రతి ఇంటివాళ్ళూ. మా జిల్లాల్లో రెండే కంపెనీలు. పదిమందిలో ఎనిమిదిమంది విశ్రుతలో ఉండేవారు. ఏలూరు వైపు పాత కేబుల్ టీవీ ఆపరేటర్లు కలిసి పెట్టుకున్న తమ్మిలేరు నెట్‌వర్క్ రెండోది. ఒకరి తీగ నుంచి ఇంకొకరి తీగకు స్పర్శ మారే చోటును గేటు అనేవారు.

ఆ రోజుల్లో ‘తమ్మిలేరు వాళ్ళ చెయ్యి చల్లన’ అనే మాట పుట్టింది. తప్పు తీగది కావచ్చని ఎవరూ అనుకోలేదు. మనుషులనే అనుకున్నారు. మా వీధిలో ఒక సంబంధం, అబ్బాయి తమ్మిలేరులో ఉన్నాడు, చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు, ముక్తసరి మనిషిలా ఉన్నాడని తప్పిపోయింది. మనసున్న మనిషి అనిపించుకోవాలంటే విశ్రుతకు మారాలి. చాలామంది మారారు.

మా పరీక్ష మాత్రం ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది. ఏలూరు కేంద్రంలో మస్తాన్‌బీ అని నాలాంటి ఇంకో ప్రామాణిక హస్తం ఉండేది. ఆవిడ తమ్మిలేరు తొడుగుతో నొక్కేది, వదిలేది. నేను విశ్రుత తొడుగుతో అందుకుని బరువు చెప్పేదాన్ని. రోజుకు నాలుగువందలసార్లు. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా తేడా రాలేదు. కేంద్రం అధికారి ఇందుశేఖర్ ప్రతి నెలా ‘భేదం లేదు’ అని రాసి పైకి పంపేవాడు.

ఒక మంగళవారం పని ముగిశాక తొడుగులు తీయకుండానే మస్తాన్‌బీ, నేనూ కబుర్లలో పడ్డాం. కొత్తల్లుడు మొదటిసారి ఇంటికొచ్చి ఇరవై రెండు గారెలు తిన్నాడని చెప్పింది. నేను నమ్మలేదు. చేతిలో చెయ్యి వేసి చెప్పమన్నాను.

“ఏసేనండీ. ఒట్టు. ఇరవై రెండు,” అంది.

నా అరచేతిలో ఏమీ లేదు.

“వెయ్యి మరి, మస్తాన్‌బీ.”

“ఏసే ఉంచేను కదండీ బాబూ. చెయ్యి చెమట కూడా పట్టింది.”

ఆవిడ నవ్వుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఈ మాటలే, ఇదే వరసలో, అంతకు ముందు ఒకసారి విన్నాను. అప్పుడు మాట్లాడింది నా చెల్లెలు తోయజ.

మా అమ్మ చివరి రోజులు ఏలూరులో తోయజ ఇంట్లో గడిచాయి. నేను చేరేసరికి అమ్మ లేదు. పదమూడో రోజున పక్కింటావిడ నన్ను పక్కకు పిలిచి, ముందురోజంతా అమ్మ ‘వారిజా, వారిజా’ అని నన్నే కలవరించిందని చెప్పింది. తోయజ నాకు ఫోను చేయలేదు. మర్నాడు విజయవాడ వచ్చాక, ఇద్దరం తొడుగులు వేసుకుని ఉండగా ఫోనులో అడిగాను; తోయజది తమ్మిలేరు, నాది విశ్రుత. అమ్మ నిద్రలోనే ఉందక్కా, ఎవరినీ అడగలేదు అంది. చేతిలో చెయ్యి వేసి చెప్పమన్నాను. వేశానంది. నా చేతిలో ఏమీ పడలేదు. మళ్ళీ అడిగాను. “వేసే ఉంచానక్కా” అంది. అంతకు క్షణం ముందు తను నా వేళ్ళు నొక్కి ఓదార్చింది, అది చక్కగా అందింది. తొడుగు పనిచేస్తోంది. కాబట్టి పనిచేయనిది చెల్లెలి మనసు. నోటితో అబద్ధమాడగలిగింది గాని చెయ్యి వేయలేకపోయిందని అనుకున్నాను. తొడుగు తీసి బీరువాలో పెట్టాను. మళ్ళీ తనతో మాట్లాడలేదు. ఏడు నెలలకు తోయజ కూడా పోయింది.

తొడుగు తీయకుండానే ఇందుశేఖర్ గదికి వెళ్ళాను. అతను మస్తాన్‌బీ చేత నొక్కించాడు, అందింది. చెయ్యి ఆనించి ఉంచమన్నాడు, అందలేదు. పదిసార్లు, ఇరవైసార్లు చేయించాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, “మనం ఎప్పుడూ నొక్కి వదిలేశామండీ. ఉంచలేదు,” అన్నాడు.

విషయం బయటికి లాగడానికి నాలుగు నెలలు పట్టింది. పుటుక్కున వచ్చి పోయే స్పర్శలను విశ్రుత గేటు వెంటనే వదిలేది. మూడు సెకన్లు దాటి నిలిచే చెయ్యి తమ్మిలేరు వైపు నుంచి వస్తే, రద్దీ తగ్గాక పంపుదామని పక్కన పెట్టేది. రద్దీ ఎప్పటికీ తగ్గేది కాదు. జ్వరం చూసే చెయ్యి, నిద్రపుచ్చే చెయ్యి, ఒట్టు వేసే చెయ్యి, అన్నీ నిలిచేవే. మనుషులు దేనికోసం తొడుగు కొనుక్కున్నారో సరిగ్గా అదే అవతలి కంపెనీ వాళ్ళకు లేకుండా చేశారు. పారేయవచ్చు కదా, దాచడమెందుకని అడిగాను. పారేస్తే పంపినవీ అందినవీ లెక్క కలవక దొరికిపోతారట. అందుకున్న స్పర్శను పారేయకూడదని నియమం ఉంది. ఆపకూడదని ఎక్కడా రాయలేదు. “ఆ వాక్యం మేమే రాశామండీ,” అన్నాడు ఇందుశేఖర్, నా వైపు చూడకుండా.

గేటు తెరిపించి చూస్తే మా రెండు జిల్లాలకు చెందినవే పదకొండు లక్షల చేతులు ఉన్నాయి.

ఆ నాలుగు నెలలూ నా చెయ్యి నాకు పరాయిదైపోయింది. బియ్యం కడుగుతుంటే అరచేతిలో ఏదో ఆనినట్టుండేది, చెయ్యి దులుపుకునేదాన్ని. మా ఆయన కాఫీ గ్లాసు అందిస్తే జారిపోయింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ రోజు తోయజ చెయ్యి వేసిందా లేదా. వేసి ఉంటే ఆ చెయ్యి గేటు దగ్గర ఉంటుంది. లేకపోతే ఉండదు. ఉండాలని కోరుకుంటున్నానో, ఉండకూడదని కోరుకుంటున్నానో కూడా నాకు తేలలేదు. ఉంటే నా చెల్లెలు నిజం చెప్పింది. అంటే మా అమ్మ నన్ను అడగలేదు.

విచారణలో విశ్రుత తరఫు న్యాయవాది మర్యాదగానే మాట్లాడాడు. జరిగినదానికి విచారం వెలిబుచ్చాడు. ఇకపై గేటు తెరిచే ఉంచుతారన్నాడు. పాతవి మాత్రం తుడిచేయడమే దయ అన్నాడు. పంపినవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు, వాడిపోయిన పూలు తెచ్చి ఇళ్ళముందు కుమ్మరించడం ఎవరికి మేలని అడిగాడు. గదిలో చాలామంది తలూపారు. నేను సాక్షిని కాబట్టి అధ్యక్షురాలు నన్నూ అడిగింది.

“నాకొచ్చినవాటిని వాళ్ళు ఆపారండీ,” అన్నాను. “వద్దనుకోవాలంటే నేను అనుకోవాలి. వాళ్ళు కాదు.”

తీర్పు అలాగే వచ్చింది. ఎవరి పేరున ఎన్ని ఉన్నాయో వాళ్ళకు చెప్పాలి. కావాలంటే అరవై రోజుల్లో అందుకోవచ్చు. స్పర్శకు నకలు తీయకూడదన్న చట్టం వల్ల ఒక్కసారే. వద్దంటే తుడిచేస్తారు.

ఆ అరవై రోజులూ ఊరు వింతగా ఉండేది. బస్‌స్టాపులో అరచెయ్యి చాచి, కళ్ళు మూసుకుని నిలబడ్డవాళ్ళు కనిపించేవారు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ ఉన్నట్టుండి కూలబడింది. మా పైవాటా రిటైర్డ్ లెక్చరరుగారు తనకు ముప్పై ఉన్నాయని తెలిసి, ఎవరివో ఊహించుకుని, వద్దని సంతకం పెట్టి వచ్చారు. ఆ వారమంతా వాళ్ళింట్లో దీపం వెలిగించలేదని వాళ్ళ కోడలు నాతో చెప్పింది. కంపెనీకి పడిన జరిమానా గురించి పత్రికలు రాశాయి. అది చదివినవాళ్ళు నాకెవరూ తగల్లేదు.

నా చీటీ ఇందుశేఖరే తెచ్చి ఇచ్చాడు. తన పేరున ఒక్కటీ లేదని, అదీ ఒక ఫలితమేనని అన్నాడు. నవ్వబోయి మానేశాడు. నా చీటీ మీద ఒకటి ఉంటుందనుకున్నాను. రెండువందల పద్నాలుగు ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కన ఉండనా అని మా ఆయన అడిగారు. వద్దన్నాను. ఆయన ముందుగదిలో టీవీ పెట్టి, గొంతు తగ్గించి, దాన్ని చూడకుండా కూర్చున్నారు.

మొదటి చెయ్యి అమ్మ పద్నాలుగో రోజుది. అరచేతి నిండుగా పడింది. తోయజ చెయ్యే. వణుకు లేదు, తొందర లేదు. నేను చెయ్యి వెయ్యి వెయ్యి అని కసురుతున్నంతసేపూ అది అక్కడే ఉంది. పదకొండో సెకనులో వేళ్ళు కొంచెం బిగిశాయి. తర్వాత లేచింది.

అమ్మ నన్ను అడగలేదు.

రెండోది మర్నాటిది. సాయంత్రం నాలుగూ పది. ఆ తర్వాత రోజుకొకటి, అదే వేళకు. నేను ఫోను ఎత్తడం మానేశాక మాట లేకుండా చెయ్యి మాత్రం పంపింది. ఇరవై, ముప్పై సెకన్లు ఉంచేది. ఏమీ అడిగేది కాదు, నొక్కేది కాదు. నూరో చేతికి వేళ్ళు ఉబ్బి బరువుగా వచ్చాయి. నూటముప్పై దాటాక ఎముక తగలసాగింది. తోయజ భర్త, మా మరిది వీరభద్రం నాకు ఫోను చేసింది ఆ రోజుల్లోనే. తోయజను ఆసుపత్రిలో చేర్చామని, రక్తానికి సంబంధించిన జబ్బని చెప్పాడు. తను చెయ్యమందా అని అడిగాను. లేదు వదినా, నేనే చేస్తున్నానన్నాడు. వచ్చేవారం చూస్తానన్నాను. వెళ్ళలేదు.

నూట ఎనభైల నుంచి చెయ్యి దిగే తీరు మారింది. ఒక్కసారిగా పడేది కాదు. సగం దిగి, ఆగి, సర్దుకుని పడేది. ఎవరో కింద చెయ్యి పెట్టి తెచ్చి ఆనిస్తున్నట్టు. రెండువందల అయిదోది గురువారం. అందులో బరువు తప్ప ఏమీ లేదు. మర్నాడు తెల్లవారుజామునే తోయజ పోయింది.

తొడుగు తీయబోయి ఫోను తెర చూశాను. ఇంకా తొమ్మిది ఉన్నాయి.

ఎప్పుడైనా ఒకే రోజు రెండుసార్లు వేసి ఉంటుందని అనుకున్నాను గాని, వేసినవన్నీ వరసగా వచ్చేశాయి. తెర మీద తేదీ మారింది. శుక్రవారం, నాలుగూ పది. ఆ రోజు మధ్యాహ్నం ఏలూరులో తోయజ దహనం అయింది. నేను వాకిట్లోనే ఒక పక్కగా నిలబడి, మూడింటి బస్సుకు తిరిగి వచ్చేశాను. నాలుగూ పదికి గన్నవరం దగ్గర ఉండి ఉంటాను.

చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. తొడుగు లాగేయడానికి రెండో చెయ్యి లేవలేదు. ముందుగదిలో మా ఆయన ఉన్నారని తెలుసు, పిలవలేకపోయాను. ఆ చల్లదనం చావుది అనుకున్నాను. కొద్దిసేపటికి అది తడి అని తెలిసింది. అప్పుడే తలస్నానం చేసి వచ్చిన చెయ్యి. తేలిక చెయ్యి, పొడుగు వేళ్ళు. సగం దిగి, ఆగి, సర్దుకుని పడిన ఆ తీరు నాకు పాతిక చేతులుగా తెలుసు. ఇన్నాళ్ళూ తోయజ చేతి కింద ఉన్న చెయ్యి ఇది. ఇప్పుడు దాని మీద ఏమీ లేదు.

తోయజ కూతురు సంహిత. అప్పటికి పదిహేడేళ్ళు.

మిగిలిన ఎనిమిదీ కూర్చుని అందుకున్నాను. రోజురోజుకూ గట్టిగా ఆనాయి. తొమ్మిదో రోజుది సగంలో లేచిపోయింది. పదో రోజున ఏమీ లేదు. పదో రోజు కర్మకు నేను వెళ్ళలేదు.

మర్నాడు ఏలూరు వెళ్ళాను. పవర్‌పేటలో అదే ఇల్లు. వీరభద్రం పనికి వెళ్ళాడు. సంహిత వంటింటి గుమ్మంలో కూర్చుని కుక్కరు మూతకు కొత్త రబ్బరు ఎక్కిస్తోంది. తల్లి కంటే పొడుగైంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. కూర్చోండి అంది. చిన్నప్పటి నుంచీ నన్ను ‘నువ్వు’ అనే పిల్ల.

అవి నిన్న అందాయని చెప్పాను. తను కుక్కరు మూత వైపు చూస్తూ విన్నది.

“పేపర్లో చూశాను. అమ్మవి ఉంటాయనుకున్నాను.”

“నీవీ ఉన్నాయమ్మా. తొమ్మిది.”

రబ్బరు చేతిలోంచి జారింది. దాన్ని తీసి మళ్ళీ గాడిలో కూర్చోబెట్టడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పింది. అమ్మ చెయ్యి ఎత్తలేకపోయాక నాలుగింటికి తనే ఎత్తి ఆనించేదట. పెద్దమ్మ పలకడం లేదు కదా, ఎందుకమ్మా అంటే, అక్కకు కోపం, అందుకుంటోంది గాని పలకడం లేదని తోయజ అనేదట. అందడం లేదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. తోయజ పోయిన రోజు నేను బస్సెక్కేశానని తెలిసి, అమ్మ తొడుగు తనే వేసుకుందట. ఇంట్లో అందరూ మగవాళ్ళే, పదో రోజుకైనా పెద్దమ్మ వస్తుందేమో, పక్కన కూర్చుంటుందేమోనని. తొమ్మిదో రోజున విసుగొచ్చి తొడుగు చింపేసిందట.

నేను ఆ కంపెనీ చేసినదంతా చెప్పాను. గేటు, మూడు సెకన్లు, రద్దీ, నియమంలో లేని మాట. చాలా వివరంగా చెప్పాను. విచారణలో కూడా అంత వివరంగా చెప్పలేదు. సంహిత అడ్డు రాలేదు. నా మాటలు అయిపోయాక కుక్కరు మూత పక్కన పెట్టి, చెయ్యి లంగా ఓణీకి తుడుచుకుంది. అరచెయ్యి నా ముందు చాచింది.

“చేతిలో చెయ్యి వేసి చెప్పండి పెద్దమ్మా. అవన్నీ అప్పుడే మీకు అందుంటే వచ్చేవారా?”

వచ్చేదాన్ననే మాట నోటి దాకా వచ్చింది. నిన్న సాయంత్రం నుంచి నాకు నేను చెప్పుకుంటున్న మాట అదే. దాని కోసమే బస్సెక్కి వచ్చాను. కానీ వీరభద్రం ఫోను ఏ గేటు దగ్గరా ఆగలేదు. ఆసుపత్రిలో ఉందన్న మాట స్పష్టంగా వినపడింది. మాటకు మాట జవాబు చెప్పి పెట్టేశాను.

పిల్ల చెయ్యి చాచే ఉంచింది. నాలుగు వేళ్ళ మీదా రబ్బరు అంటిన నల్లని చారలున్నాయి.

చెయ్యి వేశాను.

“వచ్చేదాన్ని కాదేమో అమ్మా,” అన్నాను.

సంహిత నా ముఖంలోకి చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా చేతిని పట్టుకోనూ లేదు. మూడు సెకన్లు దాటాయి. వీధిలో ఎవరిదో స్కూటరు వచ్చి ఆగింది, తలుపు చప్పుడైంది, మళ్ళీ వెళ్ళిపోయింది.

“అమ్మతో ఈ ముక్క చెప్పుంటే సరిపోయేది పెద్దమ్మా,” అంది. “రోజూ చెయ్యి ఎత్తమని నన్ను అడిగేది కాదు.”